మాటవరస అమ్మమ్మ

తిట్టు కాదు, శాపనార్థం కాదు, అబద్ధమైతే అసలే కాదు. ముద్దుగా పిలిచిన ఒక్క పిలుపు. అది కొంప ముంచుతుందని ఎవరైనా అనుకుంటారా? దుప్పట్లమ్మ కూడా అనుకోలేదు.

ఆవిడ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ పట్టదు. పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని కాబట్టి దుప్పట్లమ్మ. మూడేళ్ల కిందట మూడేళ్ల పిల్లని చంకనేసుకుని, చేతిలో ఒక పెట్టెతో ఆ మేడ మీది గది చూడడానికి వచ్చింది. పిల్ల తండ్రి సంగతి అడగకండి. ఎక్కడో ఉన్నాడు. ఫోన్ నంబరు మార్చేసుకున్న మనిషిని ఎక్కడని వెతుకుతాం.

కింది వాటా తలుపు తీసి, గుమ్మం పట్టుకుని, వాచిన మోకాలిని ఒకపక్కకి వంచి నిలబడింది ఇంటావిడ. ఆవిణ్ణి ఏమని పిలవాలి? ఆంటీ అందామంటే ఆ వాలకానికి ఆ మాట నప్పలేదు. అమ్మా అంటే చెయ్యి చాచి అడుక్కున్నట్టుంటుంది. ఏవండీ అంటే కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినట్టుంటుంది. ఇవన్నీ ఆలోచించేలోగానే నోట్లోంచి వచ్చేసింది.

"పిన్నీ, పైన గది ఖాళీగా ఉందట కదా?"

ఇంటావిడ ఎగాదిగా చూసింది. "పిన్నీ అనేశావూ! ఇహ నేను అడ్వాన్సు గట్టిగా అడగలేను. గడుసుదానివే" అంది. అని, అడ్వాన్సు గట్టిగానే అడిగింది.

అలా వరస కలిసింది. తల్లికి పిన్ని అయితే పిల్లకి అమ్మమ్మే కదా అని ఆవిడే లెక్క కట్టి, ఆవిడే ఆ పిలుపు నేర్పింది. దుప్పట్లమ్మకి కన్నతల్లి లేదు, చిన్నప్పుడే పోయింది. ఇంటావిడకి కూతుళ్లు లేరు. ఉన్న ఒక్క కొడుకూ ఊరికి ఆ చివర్న కాపురం ఉంటూ ఫోన్లోనే అజమాయిషీ చేస్తుంటాడు. అంచేత ఆ పిలుపు ఇద్దరికీ బాగానే అతికింది.

ఇక పిల్ల. దాన్ని వీధంతా వసపిట్ట అంటారు. నోట్లో నువ్వుగింజ నానదు. తెల్లారకుండానే తల్లి షిఫ్టుకి బయల్దేరితే, ఇది దుప్పటి ఈడ్చుకుంటూ మెట్లు దిగి, కింది తలుపుని కాలితో ఒక్క తోపు తోసి లోపలికి పోయేది. తలుపు కొట్టడమనేది దానికి తెలియదు. ఇంటావిడ కూడా దాని కోసమే గడియ వేసేది కాదు. ఆ తర్వాత బడికి వేళయ్యేదాకా ఇద్దరికీ చేతినిండా పని. ఇంటావిడ దానికి జడ వేసేది, వంకరగా. ఇది ఇంటావిడ మోకాలికి మందు రాసేది, చీరకి కూడా అంటేలా. ఆవిడకి చూపు ఆనదు. అందుకని మందుల డబ్బాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదివి, "ఇది అన్నం ముందు, ఇది అన్నం తర్వాత, ఇది నీకిష్టం లేనిది" అని వరసగా పెట్టేది. ఏ కాగితం వచ్చినా ఆవిడ, "ఏయ్ వసపిట్టా, చదివి పెట్టవే" అని దాని చేతికే ఇచ్చేది.

అద్దె దగ్గర మాత్రం పిన్ని పిన్నే, అద్దె అద్దే. అయిదో తారీఖు దాటిందంటే మెట్ల కింద నిలబడి ఊరికే దగ్గడం మొదలుపెట్టేది. తప్పుపట్టడానికేం లేదు. ఆ గది అద్దె మీదే ఆవిడ మందులు, పాలు, కరెంటు నడవాలి. దుప్పట్లమ్మ కూడా ఆ దగ్గు వినపడకముందే దిగివచ్చి ఇచ్చేసేది. మూడేళ్లలో ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు.

అలాంటిది, ఆసుపత్రి లాండ్రీలోకి మడత మిషను వచ్చి పడింది.

అంతకుముందు దుప్పటి మడవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఆ కొసని ఒకరు, ఈ కొసని ఒకరు. దుప్పట్లమ్మకి ఎదురుగా నిలబడే ఆవిణ్ణి అందరూ మూలలక్క అనేవారు. మూలకి మూల కలవకపోతే ఒప్పుకోదు, "మూల! మూల!" అని రోజంతా అరుస్తూనే ఉంటుంది. వేడివేడిగా ఇస్త్రీ రోలరులోంచి వచ్చిన దుప్పటిని ఇద్దరూ చెరో వైపు పట్టి, ఒక్క విదిలింపు విదిలించి, నాలుగు అడుగులు దగ్గరికి నడిచి, మూలలు కలిపి, మళ్లీ వెనక్కి నడిచేవారు. రోజుకి ఎన్ని వందలసార్లో. ఇప్పుడు మిషనే నాలుగు మూలలూ పట్టుకుంటుంది, మడిచి పక్కన పడేస్తుంది. దానికి నడుం నొప్పి లేదు, పిల్లలు లేరు. దుప్పట్లమ్మకి వారానికి ఆరు రోజులున్న పని మూడు రోజులైంది.

ఒక నెల ఎలాగో లాగింది. రెండో నెల పిన్నికి మొహం చూపించలేక, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కింది. మూడో నెల మొదట్లో ఇంటావిడే పిలిచి కూర్చోబెట్టింది.

"నా చేతుల్లో ఏం లేదే అమ్మాయ్. మా అబ్బాయి ఫోన్ చేశాడు. వాడి స్నేహితుడెవరికో సామాన్లు పెట్టుకోవడానికి గది కావాలిట. ముందే డబ్బిచ్చేస్తాట్ట. నెలాఖరుకి నిన్ను ఖాళీ చేయించమంటున్నాడు."

"నువ్వేమన్నావు పిన్నీ?"

"ఏమంటాను? రేపు ఈ మోకాలికి ఆపరేషనంటే వాడేగా చేయించాల్సింది? అద్దె సరిగ్గా వస్తోందిరా అని చెప్పగలిగితే వాడి నోరు మూయించేదాన్ని. రావట్లేదాయె."

అంటూ కళ్లు తుడుచుకుంది. దుప్పట్లమ్మ ఏడవలేదు. ఆవిడకి ఏడుపు కన్నా ముందు భయం వేసింది. ఆ ధరకి ఆసుపత్రికి నడిచి వెళ్లేంత దగ్గరలో ఇంకో గది దొరకదు. దొరికినా, తెల్లారకుండా షిఫ్టుకి వెళ్తే పిల్లని ఎవరి దగ్గర వదలాలి? పిల్లని వదిలే చోటు లేకపోతే ఆ మూడు రోజుల పనీ పోతుంది. గది పోతే ఒక్క గదే పోదు, అన్నీ పోతాయి.

మర్నాడు లాండ్రీలో ఈ సంగతి విని మూలలక్క ఎగిరిపడింది. "ఓసి పిచ్చిమొహమా, అద్దె సాయం ఆఫీసు ఒకటుందని తెలీదా? ఒంటరిగా పిల్లల్ని పెంచుతూ పనిచేసుకునేవాళ్లకి ఏడాదిపాటు సగం అద్దె వాళ్లే ఇస్తారు. నేరుగా ఇంటివాళ్లకే పంపిస్తారు. పో, వెంటనే పో!"

పోయింది. రెండు గంటలు నిలబడితే కిటికీ దొరికింది. కిటికీ వెనక ఒక కళ్లజోడాయన. మాటలో మంచితనం ఉందిగానీ మొహంలో కనపడదు. కాగితాలన్నీ తిరగేసి, ఒక గడి మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ చూసుకోండి. ఇంటి యజమాని మీకేమైనా బంధువులా? సొంతవాళ్ల ఇంట్లో ఉండేవాళ్లకి సాయం రాదు. అమ్మా కూతుళ్లు కలిసి ఉత్తుత్తి అద్దె చీటీలు రాసుకుంటున్నారు, అందుకని."

"బంధువులేం కాదన్నయ్యా" అంది దుప్పట్లమ్మ. గడిలో 'లేదు' అని రాసింది. నిజమే కదా రాసింది.

ఇంటావిడ చేత ఒక సంతకం పెట్టించుకుని, విచారణకి ఎవరో వస్తారని మాత్రం చెప్పింది. బంధువులకి ఇవ్వరనే ముక్క చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

వారం తర్వాత షిఫ్టు దిగి వచ్చేసరికి, ఇంటావిడ గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. మొహం వెలిగిపోతోంది.

"రా రా! నీ పని అయిపోయినట్టే. కళ్లజోడు పెట్టుకుని ఒకాయన వచ్చాడు. మన ఇల్లంతా చూశాడు. నేను టీ ఇచ్చాను, తాగలేదుగానీ మర్యాదస్తుడు."

"ఏమడిగాడు పిన్నీ?"

"నన్నేం అడగలేదు, ముందు దీన్ని అడిగాడు. ఈ ఇల్లెవరిది పాపా అని. ఇదేమైనా తక్కువ తిందా? మా అమ్మమ్మది అని టక్కున చెప్పింది!"

వెనక నుంచి వసపిట్ట గొప్పగా తలూపింది. దుప్పట్లమ్మ చేతిలోని సంచీ జారి కింద పడింది.

"తర్వాత?"

"తర్వాత నన్ను అడిగాడు, ఆవిడ మీ అమ్మాయా అని. నేనెందుకు ఊరుకుంటాను? ఔనండీ, నా కూతురే, కడుపున పుట్టకపోతేనేం అందామనుకున్నాను. నా కూతురే అనేసరికే ఆయన చకచకా రాసేసుకున్నాడు. ఇక మిగతాది ఎందుకులే అని, మా పిల్ల బంగారమండీ, పల్లెత్తు మాట అనదండీ అని నాలుగు మంచి ముక్కలు చెప్పాను. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లకి చెప్పినట్టు చెప్పాననుకో!"

దుప్పట్లమ్మ మెట్ల మీద కూర్చుని, గడి సంగతి చెప్పింది. చెబుతుంటే ఇంటావిడ మొహంలో వెలుగు కొంచెం కొంచెంగా ఆరిపోయింది.

"అయ్యయ్యో! ఎంత పని చేశానే! నా నోరు పడిపోను. ముందే చెప్పద్దుటే?"

"నా ఖర్మ. నాకేం తెలుసు పిన్నీ నువ్విలా నా నెత్తిన పాలు పోస్తావని!"

అన్నాక తనే నాలిక కరుచుకుంది. వసపిట్ట ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "నేను కరెక్టుగానే చెప్పాగా?" అంది.

నాలుగు రోజులకి ఉత్తరం వచ్చింది. సొంత తల్లి ఇంట్లో ఉంటూ అద్దె ఇంట్లో ఉన్నట్టు తప్పుడు సమాచారం ఇచ్చినందున దరఖాస్తు తిరస్కరించడమైనది. తప్పుడు సమాచారమట! దుప్పట్లమ్మకి ఒళ్లు మండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆసుపత్రి సబ్బు ముక్క కూడా ఇంటికి తెచ్చుకోని మనిషి. ఆ మంటతోనే ఆఫీసుకి వెళ్లి కిటికీ ముందు నిలబడింది.

"ఆవిడ మా అమ్మ కాదన్నయ్యా. మాటవరసకి పిన్నీ అని పిలుస్తాను, అంతే."

"పాప అమ్మమ్మ అంది. ఆవిడేమో నా కూతురే అంది. రాసుకున్నాను, ఇదుగో."

"అమ్మమ్మ అంటే అమ్మమ్మ అని కాదు. మనవైపు అందరం అనుకోమా? మా లాండ్రీలో మూలలక్క ఉంది, నాకు అక్కా ఏంటి? కూరగాయల బండాయన్ని బాబాయ్ అంటాను, ఆయన మా నాన్న తమ్ముడా? ఇప్పుడు మిమ్మల్ని అన్నయ్యా అన్నాను. మీరు నాకు అన్నయ్య అవుతారా?"

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. కళ్లజోడాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"కాదు."

"మరి? అదే కదా నేను చెప్పేది!"

"నాకు అర్థమైందమ్మా. మా ఇంట్లోనూ అంతే, పాలాయన మాకు మామయ్య. కానీ మాటవరసేదో, రక్తవరసేదో కాగితానికి తెలీదు. నేను చెవులారా విన్నది రాశాను. రాసింది నేనే కొట్టేస్తే, ఎంత తిన్నావని అడుగుతారు." ఆయన గొంతు తగ్గించాడు. "ఇరవై రెండో తారీఖున మళ్లీ వస్తాను. మీరిద్దరూ ఏ సంబంధమూ లేదని నా ముందు సంతకాలు పెట్టండి. పాపని కూడా మళ్లీ అడగాలి. పిల్లలు అబద్ధం చెప్పరని మా పైవాళ్ల నమ్మకం. పాప ఏం చెబితే అదే ఖాయం. ఈసారి తేడా వస్తే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవడం కూడా కుదరదు."

ఇరవై రెండో తారీఖంటే ఎనిమిది రోజులు. ఎనిమిది రోజుల్లో ఆరేళ్ల పిల్ల నోట్లోంచి ఒక మాట పీకి, ఇంకో మాట పెట్టాలి.

మొదటి రోజు ఆటలాగే మొదలైంది. "కింద ఉండేవాళ్లని ఏమంటాం? ఓనరుగారు అంటాం" అని తల్లి అంటే, "ఓనరుగారు, ఓనరుగారు" అని ఇది గంతులేసింది.

"ఓనరంటే ఏంటమ్మా?"

"ఇల్లు వాళ్లదని. మనది కాదని."

"మరి అమ్మమ్మ?"

"అమ్మమ్మ ఎవరూ లేరు. ఓనరుగారే."

అది పకపకా నవ్వి, చెప్పులైనా వేసుకోకుండా కిందికి పరిగెత్తి, "అమ్మమ్మా, నువ్వు ఓనరుగారివట తెలుసా!" అని వీధంతా వినపడేలా అరిచింది. ఇంటావిడ కూడా నవ్వింది. ఆవిడా తన వంతు పాఠం చెప్పబోయి, "ఏదీ, నేనెవరు?" అని అడగడం, ఇది "అమ్మమ్మ!" అని మెడ చుట్టూ చేతులేయడం, ఆవిడ ముద్దు పెట్టుకోవడం. చెప్పిన పాఠమంతా గంగలో కలిసింది.

నాలుగో రోజుకి తల్లికి ఓపిక చచ్చిపోయింది. పిల్లని గోడకి ఆనించి నిలబెట్టి, పదిసార్లు అనిపించింది. పదకొండోసారి అది కావాలనో, అలవాటునో, మళ్లీ అమ్మమ్మ అంది. చెయ్యి లేచిపోయింది. వీపు మీద ఒక్కటి పడింది. పిల్ల ఏడవలేదు, బిత్తరపోయి చూసింది. అంతవరకూ దాన్ని ఎవరూ కొట్టి ఎరగరు.

"ఆ మాటంటే మనకి ఇల్లుండదే! తెలుస్తోందా? నువ్వు ఆ మాటంటే మనల్ని రోడ్డు మీద పెట్టేస్తారు. నీ పుస్తకాలు, నీ మంచం, అన్నీ రోడ్డు మీద!"

అని, పిల్లని ఒళ్లోకి లాక్కుని తనే భోరుమంది. వసపిట్ట, మాట్లాడకుండా తల్లి వీపు నిమిరింది.

కిందికి అంతా వినిపించింది. కాసేపటికి ఇంటావిడ మోకాలు పట్టుకుని, మెట్టుకొకసారి ఆగుతూ పైకి వచ్చింది. మూడేళ్లలో ఆవిడ ఆ మెట్లెక్కడం అదే మొదలు. గుమ్మంలోనే నిలబడింది.

"పిల్లని కొట్టకు. నా మొహం కనపడితే దానికి ఆ మాటే వస్తుంది. ఆయన వచ్చేదాకా దాన్ని కిందికి పంపకు. ఈ నాలుగు రోజులూ నేనే తలుపు వేసుకుంటాను."

"పిన్నీ..."

"నువ్వు కూడా అనకు. అలవాటవ్వద్దూ?"

అనేసి, గోడ పట్టుకుని దిగిపోయింది. కింది తలుపు పడింది. ఆ తర్వాత గడియ చప్పుడు కూడా వినిపించింది.

ఆ నాలుగు రోజుల్లో షిఫ్టు పడిన రెండు పూటలూ దుప్పట్లమ్మ పిల్లని లాండ్రీకే తీసుకెళ్లింది. మూలలక్క దాన్ని ఉతికిన దుప్పట్ల బండిలో కూర్చోబెట్టి, సూపర్‌వైజరు వస్తే పైన ఒక దుప్పటి కప్పేసేది. "ఏమే వసపిట్టా, ఈ ఊరి కబుర్లేంటి?" అని కదిలించి చూసింది. "ఏం లేవండీ" అంది పిల్ల. మూలలక్క దుప్పట్లమ్మ వంక చూసింది. దుప్పట్లమ్మ మిషను వైపు తిరిగింది.

ఇరవై రెండో తారీఖు. కళ్లజోడాయన చెప్పిన వేళకే వచ్చాడు. ఇంటావిడ ముందుగదిలో కుర్చీలు వేసింది. టీ పెట్టలేదు. ఈ గోడకి ఆవిడ, ఆ గోడకి తల్లీ పిల్లా. వాళ్లని అలా చూస్తే ముక్కూమొహం తెలియనివాళ్లనే ఎవరైనా అనుకుంటారు. ఆయన పిల్లని దగ్గరికి పిలిచి బల్ల మీద కూర్చోబెట్టాడు.

"పాపా, ఈవిడెవరు?"

"ఓనరుగారు."

"నీకేమవుతారు?"

"ఏమీ కారు."

ఇంటావిడ నేల వంక చూస్తోంది. ఆయన రాసుకుంటూ రాసుకుంటూ ఆగాడు.

"మరి మొన్న అమ్మమ్మ అన్నావుగా?"

ఈ ప్రశ్న నేర్పలేదు! ఎనిమిది రోజులు నేర్పినవాటిలో ఇది లేనే లేదు. నోరు తెరవడానికి లేదు, కళ్లతో సైగ చేయడానికి లేదు. ఆయన చూస్తున్నాడు. పిల్ల తల్లి వైపు చూడలేదు, ఇంటావిడ వైపు చూడలేదు. తన కాళ్ల వైపు చూసుకుంది.

"అప్పుడు చిన్నదాన్నండీ. తెలీక అన్నాను."

ఆయన అది కూడా రాసుకున్నాడు. సంతకం పెట్టాల్సిన కాగితం ఇంటావిడ చేతికి ఇచ్చాడు. ఆవిడ దాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టి చూసింది. అలవాటు ఎక్కడికి పోతుంది? కాగితం పట్టుకున్న చెయ్యి పిల్ల వైపు చాచింది.

"చదివి పె..."

మధ్యలోనే ఆగింది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, "మీరే చదవండి బాబూ, నాకు చూపానదు" అంది. బల్ల మీద నుంచి సగం దిగిన పిల్ల మళ్లీ సర్దుకుని కూర్చుంది.

ఆయన చదివాడు. పై వాటాలో ఉంటున్న దరఖాస్తుదారుతో గానీ, ఆమె కుమార్తెతో గానీ నాకు ఎటువంటి బంధుత్వమూ, సంబంధమూ లేదు. వారు నాకు కేవలం అద్దెకున్నవారు. ఇది నేను నా ఇష్టపూర్వకంగా తెలియజేస్తున్నాను.

"సంబంధం కూడా లేదని రాయాలా బాబూ? బంధుత్వం లేదంటే సరిపోదూ?"

"రెండూ ఉండాలమ్మా. అది అచ్చులోనే ఉంది."

ఆవిడ సంతకం పెట్టింది. తన పేరే అయినా రాయడానికి చాలా సమయం పట్టింది. తర్వాత దుప్పట్లమ్మ పెట్టింది. కళ్లజోడాయన కాగితాలు సంచీలో పెట్టుకుని లేచాడు. "వచ్చేస్తుందిలెండి. ఏడాదిపాటు ఏ రోజైనా చెప్పకుండా తనిఖీకి వస్తారు. నేనే రావాలని లేదు. కాస్త జాగ్రత్తగా ఉండండి" అని, పిల్ల తల నిమరబోయి, ఎందుకో మానేసి వెళ్లిపోయాడు.

సంగతి ఖాయమయ్యేదాకా దుప్పట్లమ్మ పిల్లని కిందికి పంపలేదు. సాయం వచ్చింది. ఆగిపోయిన నెలలతో సహా సగం అద్దె ఇంటావిడకే అందింది. మిగతా సగం దుప్పట్లమ్మ ఎలాగో సర్దింది. కొడుకు నోరు మూతపడింది. స్నేహితుడు సామాన్లు ఇంకెక్కడో పెట్టుకున్నాడు. ఇల్లు నిలిచింది. దుప్పట్లమ్మ ఎంతకాలానికో ఆ రాత్రి కడుపునిండా తిని పడుకుంది.

తెల్లారింది. షిఫ్టు ఉంది. "ఇహ కిందికి వెళ్లమ్మా, ఏం ఫర్వాలేదు. లోపల ఎవరూ లేనప్పుడు అమ్మమ్మ అనుకోవచ్చులే" అని పిల్లకి చెప్పింది.

"లోపల ఎవరూ లేరని ఎలా తెలుస్తుంది?"

"అమ్మమ్మే చెబుతుంది."

"మర్చిపోయి బయట అనేస్తే?"

ఈ పిల్లకి తనే నేర్పింది, ఆ మాటకి మంచం, పుస్తకాలు రోడ్డున పడతాయని. ఇప్పుడు కాదని చెబితే ఎలా నమ్ముతుంది? కాదని చెప్పడం కూడా నిజం కాదు. ఏడాదిపాటు ఏ రోజైనా రావచ్చన్నాడాయన.

పిల్ల దుప్పటి ఈడ్చుకుంటూ పోలేదు. మడిచి చంకలో పెట్టుకుని, మూలకి మూల కలిపి మరీ, ఒక్కో మెట్టూ దిగింది. కింది తలుపు ఎప్పటిలాగే ఓరగా తెరిచి ఉంది. గడియ తీసే ఉంచింది ఇంటావిడ. లోపల స్టవ్ మీద పాలు కాగుతున్న వాసన వస్తోంది. ఒక్క తోపు తోస్తే చాలు. పిల్ల తోయలేదు. నిలబడి, వేళ్ల కణుపులతో మూడుసార్లు తలుపు కొట్టింది.

"ఎవరూ?" అంది లోపల్నుంచి ఇంటావిడ.

"పైన అద్దెకుంటున్నవాళ్లమండీ."

లోపల గరిటె చప్పుడు ఆగిపోయింది. తర్వాత కాలీడుస్తూ అడుగులు. ఓరగా ఉన్న తలుపుని ఆవిడ పూర్తిగా తెరిచింది. పిల్లని చూసింది, దాని తల మీదుగా వీధి గేటు వైపు చూసింది, మళ్లీ పిల్లని చూసింది.

"రండి" అంది.

ఆ మాట వెనక నవ్వు వస్తుందేమోనని దుప్పట్లమ్మ షిఫ్టుకి వేళ మించిపోతున్నా మెట్ల మీదే నిలబడింది. రాలేదు. తలుపు మాత్రం మెల్లగా మూసుకుంది.